రెండో గ్లాసు భంగు

బరంపురం, పర్లాకిమిడి వైపు శివరాత్రికో, ఒడియా కొత్త సంవత్సరమైన పణా సంక్రాంతికో భంగు కలిపిన పానకం తాగేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉంటారు. ఒడిశాలో లైసెన్సు దుకాణాల్లో అమ్ముతారు కాబట్టి భంగు వేరు, గంజాయి వేరు అని వాళ్ల ధీమా. మొక్క ఒకటే. మత్తుమందుల మీద వచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఆ మొక్క పూతను గంజాయి అంది, జిగురును చరస్ అంది, పూత కలవని ఆకునూ గింజనూ వదిలేసింది. భంగు ఆ ఆకు నూరిందే. మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల నుంచి దిగుతూ పట్టుబడే మూటల్లో ఉండేది ఎండిన పూత. మత్తునిచ్చే టీహెచ్‌సీ పూతలో ఎక్కువ, ఆకులో తక్కువ. ఒంటికి తెలిసిన తేడా అంతే.

భంగుతో చిక్కంతా టైముతోనే. పొగ పీలిస్తే టీహెచ్‌సీ ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. నిమిషాల్లో ఎక్కుతుంది, రెండు నుంచి నాలుగు గంటల్లో చాలావరకు దిగుతుంది. తాగినది అలా కాదు. పేగుల్లోంచి ముందు కాలేయానికి పోవాలి. అక్కడ కొంత టీహెచ్‌సీ, 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీ అనే మరో మత్తు పదార్థంగా మారి మెదడుకు చేరుతుంది. ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు, భోంచేసి తాగితే ఇంకా ఆలస్యం. ఒకసారి ఎక్కాక ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి తెల్లారేదాకా వదలదు.

సాయంత్రం ఏడింటికి ఒక గ్లాసు తాగినవాడు ఎనిమిదింటికి "ఏమీ ఎక్కలేదేంట్రా" అని రెండోది ఎత్తుతాడు. తొమ్మిదిన్నరకి మొదటిది బాగా పట్టేసి ఉంటుంది, దాని మీద రెండోది ఎక్కడం మొదలవుతుంది. పైగా టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది గానీ నీళ్లలో కరగదు. పాలు, బాదం పప్పు వేసి నూరడం అందుకే కలిసొచ్చింది. బిందెలో పానకం తిప్పకుండా పోస్తే నూరిన ముద్ద అడుగున చేరి, చివర్లో వచ్చినవాడి గ్లాసులో ఎక్కువ పడుతుంది.

అప్పుడు గుండె నిమిషానికి 20 నుంచి 50 సార్లు ఎక్కువ కొట్టుకోవచ్చు. నోరెండిపోతుంది, కళ్లు ఎర్రబడతాయి, లేచి నిలబడగానే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. క్షణం గంటలా సాగుతుంది, చెప్తున్న మాట మధ్యలోనే మరిచిపోతారు. చచ్చిపోతున్నానన్న భయం పట్టుకుంటుంది. జ్ఞాపకం, భయం, ఒళ్లు తూలకుండా నిలవడం చూసుకునే మెదడు భాగాల్లో సీబీ1 అనే గ్రాహకాలు (కణాల మీద రసాయనాలు అతుక్కునే చోట్లు) దట్టంగా ఉండి, టీహెచ్‌సీ వాటికి అతుక్కోవడమే ఇందుకు కారణం. మన ఒంట్లోనే పుట్టి వాటికి అతుక్కునే రసాయనాన్ని 1992లో కనిపెట్టి, మన 'ఆనందం' మాట మీదే ఆనందమైడ్ అని పేరు పెట్టారు! శ్వాసను నడిపే భాగంలో ఈ గ్రాహకాలు తక్కువ. అందుకే నల్లమందులా ఇది పెద్దవాళ్ల ఊపిరి ఆపదు. గుండెజబ్బు ఉన్నవాళ్లకి మాత్రం ఆ దడే ప్రమాదం.

రోజూ వాడే కుర్రాళ్ల సంగతి వేరు. స్వీడన్‌లో సైన్యానికి ఎంపికైన 45 వేలకు పైగా యువకులను 15 ఏళ్లు గమనించి 1987లో ఫలితాలు ప్రకటించారు. 18 ఏళ్లకే విపరీతంగా వాడినవాళ్లలో స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు, అసలు ముట్టనివాళ్ల కంటే ఆరు రెట్లు కనిపించింది. గంజాయి ఒక్కటే కారణమా అన్న వాదన ఉంది గానీ, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే పిల్లలు దీని జోలికే పోకూడదు.

భంగు ఎక్కువైనవాణ్ణి వెలుతురు, గోల లేని గదిలో పక్కకు తిప్పి పడుకోబెట్టి, పక్కనే ఒకరు కూర్చోవాలి. మెలకువగా ఉంటే నీళ్లు కొంచెం కొంచెంగా పట్టొచ్చు. మజ్జిగ, నిమ్మరసం తాగిస్తే దిగుతుందంటారు, రక్తంలో కలిసిపోయినదాన్ని అవేం చేస్తాయి? గొంతులో వేళ్లు పెట్టి కక్కించబోతే, మగతలో ఉన్నవాడికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆ రాత్రికి బండి తాళం దాచేయాలి. ఛాతీ నొప్పి, ఫిట్స్, పిలిచినా పలకకపోవడం, పొరపాటున చిన్నపిల్లలు తాగడం — వీటిలో ఏదైనా సరే 108కి ఫోన్ చేసి, ఎప్పుడు, ఎంత తాగారో డాక్టరుకి దాచకుండా చెప్పాలి.

కంటిపాప కూడా చూడాలి. భంగులో కొందరు ఉమ్మెత్త గింజలు కలుపుతారు. పాపలు బాగా విచ్చుకుని, ఒళ్లు పొడిగా కాలిపోతూ, లేనివి ఉన్నట్టు గాల్లో పట్టుకోబోతుంటే అది ఉమ్మెత్త విషం. దిగేదాకా చూద్దామనుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.