గోడ వెనక నీరు

తడి ఇసుకలో కాలు పెట్టి పిచ్చుకగూడు కట్టిన వారందరికీ ఒక సంగతి తెలుసు. పొడి ఇసుకతో గూడు నిలవదు. కాస్త తడి ఉంటే కాలు తీసేసినా నిలుస్తుంది. దాని మీద చెంబెడు నీళ్లు పోస్తే కూలిపోతుంది. రోడ్డు పక్క కొండవాలు వానకు విరిగిపడటంలో ఉన్న రహస్యం చాలావరకు ఇదే. కొద్దిపాటి తేమ మట్టి రేణువులను దగ్గరికి లాగి పట్టి ఉంచుతుంది. ఖాళీలన్నీ నిండిపోతే అదే నీరు రేణువులను ఎడంగా నెడుతుంది. వాటి మధ్య రాపిడి తగ్గుతుంది, బరువు మాత్రం పెరుగుతుంది.

నగరంలో రోడ్డుకు చోటు కోసం కొండ పాదాన్ని నిలువుగా కోస్తారు. పైనున్న మట్టికి ఆసరా ఆ పాదమే. కోసిన చోట గట్టి గోడ కడితే చాలని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ప్రమాదం మొదలయ్యేది ఆ నమ్మకంతోనే. 4 మీటర్ల ఎత్తు గోడ వెనక పొడి ఇసుక నేల ఉందనుకుందాం. మీటరు పొడవు గోడ మీద సుమారు 5 టన్నుల తోపుడు పడుతుంది. వాన నీరు బయటికి పోయే దారి లేక పైదాకా నిండితే ఒక్క నీటి వాటాయే 8 టన్నులు. నీటిలో మునిగిన మట్టి తేలికపడి దాని వాటా కొంత తగ్గుతుంది, అయినా రెండూ కలిపితే మొత్తం 10 టన్నులు దాటుతుంది. గోడలో వరుసగా కనిపించే చిన్న రంధ్రాలు ఆ నీటి కోసమే. వాటి వెనక కంకర పొర వేయకుండా తవ్విన మట్టినే నింపేస్తే అవి త్వరగా పూడుకుపోతాయి. గోడ పైకి చక్కగానే కనిపిస్తుంది, లోపల మాత్రం నీరు పేరుకుంటూ ఉంటుంది.

ఈ పాఠాన్ని హాంకాంగ్ చాలా ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 1972 జూన్ 18న, భారీ వానల తరువాత వాలులు విరిగిపడి, సౌ మౌ పింగ్‌లో 71 మంది, పో షాన్ రోడ్డులో 67 మంది చనిపోయారు. 1977లో కొండవాలుల భద్రత కోసమే అక్కడ ఒక ప్రత్యేక కార్యాలయం ఏర్పడింది. ఇప్పుడు ఆ నగరంలో మనుషులు మలిచిన సుమారు 60,000 వాలులకు లెక్క ఉంది, ఒక్కొక్కదానికీ ఒక నంబరు ఉంది. అయినా 1994లో క్వున్ లుంగ్ లౌ అనే నివాస సముదాయం దగ్గర ఒక పాత రాతి గోడ కూలి అయిదుగురు మరణించారు. భూమిలోని కాలువల నుంచి కారిన నీరు గోడ వెనక మట్టిని నానబెట్టింది. ఆకాశం నుంచి పడే నీటినే కాదు, గొట్టాల నుంచి కారే నీటినీ గమనించాలన్నమాట.

వాలును పట్టి ఉంచే పద్ధతులు చాలానే ఉన్నాయి. మట్టి వాలులోకి కాస్త ఏటవాలుగా రంధ్రాలు తొలిచి, ఉక్కు కడ్డీలు దించి, చుట్టూ సిమెంటు పాలు నింపుతారు. మట్టి జారబోయినప్పుడు ఆ కడ్డీలు వెనక్కి లాగి పట్టుకుంటాయి. రాతి వాలులో పగుళ్లు రోడ్డు వైపు వంగి ఉంటే బండలను బోల్టులతో లోపలి రాతికి బిగిస్తారు. పైనుంచి వేలాడదీసే ఇనుప వల రాయి ఊడకుండా ఆపదు, ఊడిన రాయి ఎగిరి రోడ్డు మీదికి రాకుండా కిందికి దించుతుంది. అందుకే దాని పాదం దగ్గరి గుంటను ఎప్పటికప్పుడు ఖాళీ చేయాలి. వట్టివేరు మూడు మీటర్ల లోతుకు కూడా వేళ్లు దించి పైమట్టిని బాగా పట్టుకుంటుంది. అయితే జారే పొర ఎనిమిది మీటర్ల లోతున ఉంటే ఆ వేళ్లు అక్కడికి చేరవు.

ఇన్నింటిలో చవకైనది, తరచుగా నిర్లక్ష్యానికి గురయ్యేది వాలు నెత్తిన తవ్వే కాలువ. పైనుంచి వచ్చే నీటిని అది పక్కకు మళ్లిస్తుంది. ఆకులు, చెత్త అడ్డుపడితే ఆ నీరంతా ఒకే చోట పొంగి వాలులోకి దూకుతుంది. వానాకాలానికి ముందు పారతో రెండు రోజుల పని చాలు, దాన్ని వాయిదా వేయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

దారిన పోయేవారికీ కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ఉబ్బిన గోడ, ఒరిగిన స్తంభం, వాలు అంచున కొత్త పగులు. కుండపోత వానలోనూ రంధ్రాలు పొడిగా ఉంటే అవి మూసుకుపోయాయేమోనని అనుమానించాలి. తేట నీరు కారుతుంటే మంచిదే. బురద నీరు వస్తుంటే వెనక మట్టి కొట్టుకుపోతోందని అర్థం. అక్కడ బండి ఆపకుండా ముందుకు వెళ్లి, రోడ్డు నిర్వహణ చూసేవారికి ఆ రోజే తెలియజేయాలి. వాన వెలిసిందని ఊరుకోవద్దు, లోపలికి ఇంకిన నీరు తరువాత కూడా కిందికి చేరుతూనే ఉంటుంది.