అపోహలు - వాస్తవాలు: భద్రతా మండలి తీర్మానం నుంచి రాయబార కార్యాలయం గేటు దాకా

దేశాల మధ్య వాదం చాలాసార్లు ఒక్క క్రియాపదం దగ్గర తేలుతుంది. వార్తలోకి శీర్షిక వస్తుంది, ఆ పదం రాదు. ఈ అపోహల్లో చాలావరకు అక్కడే పుడతాయి.

అపోహ: భద్రతా మండలి తీర్మానంలో ప్రతి మాటా అన్ని దేశాలకూ శాసనమే.

వాస్తవం: తీర్మానం తెరిచి చూడండి, పత్రమంతా ఒకే వాక్యం. "భద్రతా మండలి" అనే కర్తతో మొదలై "గుర్తుచేసుకుంటూ", "ఆందోళన చెందుతూ" అని సాగే పేరాలకు అంకెలుండవు. అది పీఠిక. 1, 2, 3 అని అంకెలు వేసినదే అసలు భాగం. అక్కడ ప్రతి పేరాలోని మొదటి క్రియను పట్టుకోవాలి. "నిర్ణయిస్తోంది" అని ఉంటే ఐరాస చార్టర్ 25వ అధికరణ ప్రకారం సభ్యదేశాలు పాటించి తీరాలి. "ప్రోత్సహిస్తోంది" అంటే సిఫారసే. ఈ రెంటికీ మధ్య "పిలుపునిస్తోంది" అనే మాట ఉంది చూశారూ, న్యాయ సలహాదారులు ఎక్కువగా తగువు పడేది దాని మీదే.

2001 సెప్టెంబరు 28 నాటి 1373వ తీర్మానంలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మొదటి పేరా "నిర్ణయిస్తోంది": ఉగ్రవాదులకు నిధులు అందకుండా అడ్డుకోవాలి, వాళ్ల ఖాతాలను జాప్యం లేకుండా స్తంభింపజేయాలి. మూడో పేరాకు వచ్చేసరికి "పిలుపునిస్తోంది": సమాచార మార్పిడి పెంచుకోండి, ఉగ్రవాద వ్యతిరేక ఒప్పందాల్లో వీలైనంత త్వరగా చేరండి. ఖాతా స్తంభింపజేయని దేశం బాధ్యతను ఉల్లంఘించినట్టే. ఒప్పందంలో చేరని దేశం మీద అంత గట్టిగా ఆ నేరం మోపలేం.

ఐరాస చార్టర్‌లో ఆంక్షలు, సైనిక చర్యల గురించి చెప్పే ఏడో అధ్యాయం పేరెత్తకపోతే తీర్మానానికి బలం లేదనేది కూడా తప్పే. 25వ అధికరణ ఆ అధ్యాయానికే పరిమితం కాదని నమీబియాపై 1971లో ఇచ్చిన సలహా అభిప్రాయంలో అంతర్జాతీయ న్యాయస్థానం స్పష్టం చేసింది. తీర్మానం భాష, దానికి దారితీసిన చర్చలు, పేర్కొన్న అధికరణలు చూసి తేల్చాలంది.

అపోహ: శాశ్వత సభ్యదేశం ఓటింగుకు దూరంగా ఉంటే వీటో పడ్డట్టే.

వాస్తవం: వీటో అంటే "వద్దు" అని వేసిన ఓటు. దూరంగా ఉండటం వీటో కాదని దశాబ్దాల ఆచరణ స్థిరపరిచింది, అదే 1971 అభిప్రాయం దాన్ని సమర్థించింది. 15 మంది సభ్యుల్లో 9 అనుకూల ఓట్లు రాకపోతే తీర్మానం వీటో అక్కర్లేకుండానే వీగిపోతుంది. అందుకే ముసాయిదా రాసేవాళ్లు ముందు లెక్కపెట్టేది ఆ తొమ్మిదినే. ఏదైనా అంశాన్ని అజెండాలో చేర్చడం లాంటి విధానపరమైన ఓటింగులో వీటో చెల్లదు.

అపోహ: సంతకం పెట్టిన రోజే ఒప్పందం అమల్లోకి వస్తుంది.

వాస్తవం: సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందాన్ని సంతకాలకు తెరిచింది 1996లో. అనుబంధంలో పేరున్న 44 దేశాలూ ధ్రువీకరిస్తేనే, అంటే కట్టుబడతామని లాంఛనంగా ఖరారు చేస్తేనే అమలు, కాబట్టి ఇప్పటికీ కాలేదు. అమెరికా సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. అలాగని సంతకం వట్టి లాంఛనం కాదు. సంతకం చేసిన దేశం, చేరే ఉద్దేశం లేదని తేల్చిచెప్పేదాకా ఒప్పందం లక్ష్యాన్ని దెబ్బతీసే పని చేయకూడదు.

అపోహ: నాటో సైనిక కూటమి ఒప్పందంలోని 5వ అధికరణ అంటే సభ్యులంతా సైన్యాన్ని పంపాల్సిందే.

వాస్తవం: ఒకరిపై సాయుధ దాడి అందరిపై దాడే. సాయం మాత్రం ప్రతి సభ్యదేశం "తాను అవసరమని భావించిన చర్య". ఈ అధికరణను ప్రయోగించింది ఒక్కసారే, 2001లో.

అపోహ: రాయబార కార్యాలయం దాన్ని నడిపే దేశపు భూభాగం.

వాస్తవం: నేల ఆతిథ్య దేశానిదే. దౌత్య సంబంధాలపై 1961 వియన్నా ఒప్పందం 22వ అధికరణ ఇచ్చింది రక్షణ మాత్రమే: రాయబారి అనుమతి లేకుండా ఆతిథ్య దేశ అధికారులు లోపలికి వెళ్లకూడదు. ఈ నియమం ఎంత కఠినమంటే, మంటలు రేగినా మినహాయింపు రాయలేదు. కాన్సులేట్ల విషయంలో అలా కాదు. అగ్నిప్రమాదం లాంటి విపత్తులో అనుమతి ఉన్నట్టే భావించవచ్చని కాన్సులర్ సంబంధాలపై 1963 వియన్నా ఒప్పందం చెబుతుంది. అగ్నిమాపక సిబ్బంది గేటు దగ్గర ఆగాలా వద్దా అన్నది, ఆ భవనం రాయబార కార్యాలయమా కాన్సులేటా అన్నదాన్ని బట్టి ఉంటుంది.