పోయిన కార్డు: రొమ్ము ఇంప్లాంట్ల వెనక అరవై ఏళ్ళ కథ

రొమ్ములో పెట్టే సిలికాన్ ఇంప్లాంట్ డబ్బాలో నాలుగైదు స్టిక్కర్లు కూడా వస్తాయి. కంపెనీ పేరు, మోడల్, సైజు, లాట్ నంబరు, సీరియల్ నంబరు వాటి మీద ఉంటాయి. ఒకటి కేస్‌షీట్ మీద అంటిస్తారు. ఇంకొకటి కార్డు మీద అంటించి పేషెంటు చేతికి ఇస్తారు, లేదా ఇవ్వాలి.

గోదావరి డెల్టాలో ఆ కార్డు ఇంట్లో నిలవడం కష్టం. ఆపరేషన్ హైదరాబాదులోనో విశాఖలోనో జరుగుతుంది. ఇంట్లో చెప్పేది మాత్రం చిన్న గడ్డ తీయించుకున్నాననో, స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళొచ్చాననో. పొలం కాగితాలు, బంగారం తాకట్టు రసీదులు దాచే బీరువాలో ఈ కార్డు పెడితే అత్తగారి కంట పడుతుంది. అందుకే దారిలోనే ఎక్కడో చించి పారేస్తారు. రాజమండ్రి, భీమవరం దారుల్లో కాస్మెటిక్ క్లినిక్కుల బోర్డులు, ఫోన్లో ఈఎంఐ ప్రకటనలు ఉండగా చేయించుకునేవాళ్ళకు కొదవ లేదు. ఎవరి ఒళ్ళు వాళ్ళిష్టం, దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ చించేసిన కార్డుతోనే.

ఎందుకంటే ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో ఒకవైపు ఉన్నట్టుండి వాస్తుంది. అమలాపురంలోనో పాలకొల్లులోనో స్కానింగ్‌కి వెళ్తే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, "లోపలున్నది ఏ కంపెనీదమ్మా?" ఆ ప్రశ్నకు ఇంత బరువు ఎలా వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

రొమ్ము పరిమాణం పెంచే ప్రయత్నాలు సిలికాన్ కంటే పాతవి. 1895లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో విన్సెంజ్ చెర్నీ అనే సర్జన్, గడ్డ తీసేసిన రొమ్ములో ఆ రోగి నడుము దగ్గరి కొవ్వు గడ్డనే తెచ్చి పెట్టాడు. ఆ తర్వాత కరిగించిన పారఫిన్ మైనం సూదితో ఎక్కించారు. అది గడ్డలు కట్టింది, పుండ్లు పడింది. 1950ల్లో స్పాంజి పెట్టారు, అది లోపలే కుంచించుకుని గట్టిపడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో, ఆ పైన అమెరికాలో ద్రవ సిలికాన్‌ను నేరుగా ఇంజెక్షన్ చేశారు. అది ఉన్నచోట ఉండకుండా ఒళ్ళంతా పాకింది. ఇవాళ్టికీ దొంగచాటుగా ఇలాంటి ఇంజెక్షన్లు వేసేవాళ్ళున్నారు. ముఖ్యంగా ఆస్పత్రి మెట్లెక్కితే అవమానం తప్పదని భయపడే ట్రాన్స్‌జెండర్ మహిళలు వీళ్ళ చేతిలో పడుతుంటారు. ఇంప్లాంటునైతే తీసేయొచ్చు, కండలోకి ఇంకిపోయిన ద్రవాన్ని పూర్తిగా తీయడం ఎవరి తరమూ కాదు.

అసలు ఇంప్లాంట్ పుట్టింది అమెరికాలోని హ్యూస్టన్‌లో. ప్లాస్టిక్ సంచిలో రక్తం పట్టుకున్నప్పుడు చేతికి తగిలిన మెత్తదనం చూసి ఫ్రాంక్ గెరో అనే డాక్టరుకు ఈ ఆలోచన తట్టిందంటారు. థామస్ క్రోనిన్‌తో కలిసి, డౌ కార్నింగ్ కంపెనీ సిలికాన్‌తో సంచి చేయించి, ముందు ఒక కుక్కకు పెట్టి చూశారు. 1962లో ఒక మహిళకు పెట్టారు. ఆమె ఆ ధర్మాసుపత్రికి వచ్చింది ఒంటి మీది పచ్చబొట్టు చెరిపించుకోవడానికి. ఇది పెట్టించుకుంటావా అని డాక్టర్లే అడిగారు. నా చెవులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, అవి సరిచేస్తే చాలునంది ఆమె. చివరికి రెండూ చేశారు. ఈ చరిత్ర మొత్తంలో నాకు మరపురానిది ఆ చెవుల ముచ్చటే. అడిగింది ఒకటి, అంటగట్టింది ఇంకొకటి.

అప్పట్లో అమెరికాలోనైనా వైద్య పరికరం అమ్మేముందు అది సురక్షితమని ఎవరికీ నిరూపించనక్కర్లేదు. 1976లో చట్టం వచ్చింది గానీ, అప్పటికే బజార్లో ఉన్నవాటిని అలాగే వదిలేసింది. కంపెనీలు భద్రతకు రుజువులు చూపాలని, అక్కడ మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ పట్టుబట్టేసరికి 1990లు వచ్చాయి. తెచ్చిన రుజువులు చాలలేదు. 1992 జనవరిలో సిలికాన్ జెల్ ఇంప్లాంట్లను ఆపమన్నారు. ఈలోపు కోర్టుల్లో కేసులు వేలకు వేలు పడ్డాయి. కోనసీమ జ్ఞాపకంలో 1995 అంటే పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్, జనవరి 8న మొదలై 65 రోజులు ఆరని మంట. అదే ఏడాది మే నెలలో డౌ కార్నింగ్ దివాలాకు దరఖాస్తు పెట్టుకుంది.

1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక వచ్చింది. కీళ్ళవాతం, లూపస్ లాంటి ఒంటికంతటికీ పాకే జబ్బులకు ఇంప్లాంట్లే కారణమనడానికి ఆధారం దొరకలేదని అందులో రాశారు. కంపెనీల తరఫువాళ్ళు ఈ వాక్యం దగ్గరే ఆగిపోతారు. అసలు సమస్య రొమ్ములోనే వచ్చే చిక్కులని, వాటివల్ల మళ్ళీమళ్ళీ ఆపరేషన్లు పడుతున్నాయని కూడా ఆ నివేదికే చెప్పింది. 2006 నవంబరులో ఎఫ్‌డీఏ రెండు కంపెనీల జెల్ ఇంప్లాంట్లకు మళ్ళీ అనుమతి ఇచ్చింది.

ఆ చిక్కుల్లో మొదటిది గట్టిపడటం. కాలిలో విరిగిన ముల్లు చుట్టూ కాయ కట్టినట్టు, లోపల పెట్టిన ఏ పరాయి వస్తువు చుట్టూ అయినా శరీరం ఒక పొర అల్లుతుంది. దాన్ని క్యాప్సూల్ అంటారు. అందరికీ ఏర్పడుతుంది, అది జబ్బు కాదు. కొందరిలో మాత్రం ఆ పొర బిగుసుకుని ఇంప్లాంటును పిండేస్తుంది. రొమ్ము రాయిలా అవుతుంది, ఆకారం మారుతుంది, పక్కకు ఒత్తిగిలితే నొప్పి. డాక్టర్లు దీన్ని బేకర్ స్కేల్ ప్రకారం నాలుగు దశలుగా చెబుతారు. మూడు, నాలుగు దశలకు చేరితే చాలామందికి మళ్ళీ కత్తి తప్పదు.

ఈ బిగుసుకుపోవడాన్ని తగ్గించడానికే ఇంప్లాంట్ పైభాగాన్ని నున్నగా కాకుండా గరుకుగా చేయడం మొదలుపెట్టారు. గరుకుదనం కణజాలాన్ని పట్టుకుంటుంది, నీటిబొట్టు ఆకారంలో ఉన్నవి లోపల తిరగబడకుండా ఉంటాయి. ఆలోచన మంచిదే. కానీ 1997లో ఇంప్లాంట్ పక్కనే పుట్టిన ఒక అరుదైన లింఫోమా వైద్య పత్రికకెక్కింది. ఇది రొమ్ము క్యాన్సర్ కాదు, రోగనిరోధక కణాల క్యాన్సర్. ఆ క్యాప్సూల్‌లో, దాని లోపల చేరే నీటిలో మొదలవుతుంది. 2011లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది. లెక్క తీస్తే చాలా వరకు గరుకు ఇంప్లాంట్ల వైపే చూపించాయి. 2019 జూలై నాటికి ప్రపంచవ్యాప్తంగా ఎఫ్‌డీఏ లెక్కలోకి వచ్చినవి 573 కేసులు, 33 మరణాలు. వాటిలో 481 కేసులు అలెర్గాన్ కంపెనీ ఇంప్లాంట్లవే. ఆ కంపెనీ బయోసెల్ రకాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఒక చిక్కుకు వేసిన మందు ఇంకో చిక్కయింది. ఇది అరుదైన జబ్బే, తొందరగా పట్టుకుంటే ఇంప్లాంటునీ పొరనీ కలిపి తీసేస్తే చాలామందికి నయమవుతుంది. పట్టుకోవాలంటే ఏళ్ళ తర్వాత వచ్చిన వాపులోని నీటిని తీసి, ఈ లింఫోమా కణాల ఆనవాలు పట్టే సీడీ30 పరీక్షకు పంపాలన్న ఆలోచన డాక్టరుకు రావాలి. రావాలంటే లోపల ఇంప్లాంట్ ఉందని, అది ఏ రకమో ఆమె చెప్పాలి.

ఇక ఫ్రాన్స్‌లో జరిగింది పచ్చి మోసం. టూలాన్ దగ్గర జాన్-క్లోడ్ మాస్ నడిపిన పీఐపీ అనే కంపెనీ వైద్యానికి అనుమతి ఉన్న జెల్ బదులు, చవకైన పారిశ్రామిక సిలికాన్ నింపి అమ్మింది. 2010 మార్చిలో బయటపడింది. అప్పటికే 65 దేశాల్లో దాదాపు 3 లక్షల మంది ఒంట్లో అవి ఉన్నాయి. 2011 డిసెంబరులో ఫ్రెంచ్ ప్రభుత్వం వాటిని తీయించుకోమంది. 2013లో మాస్‌కు నాలుగేళ్ళ జైలుశిక్ష పడింది. ఎక్కడెక్కడో ఉన్న ఆడవాళ్ళు మాత్రం, తమకు పెట్టింది పీఐపీదా కాదా అని కాగితాలు వెతుక్కుంటూ కూర్చున్నారు.

పోలిక మోటుగా ఉంటుంది గానీ చెప్పక తప్పదు. భీమవరం దగ్గర చెరువులో పెరిగిన రొయ్యలో నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు యూరప్ రేవులో దొరికితే కంటైనర్ వెనక్కొస్తుంది. ఏ చెరువుదో పట్టుకోవడానికే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా చెరువులకు నమోదు నంబర్లు ఇస్తుంది. మన దగ్గర రొయ్యకు జాడ ఉంది. పీఐపీ గొడవ తర్వాత బ్రిటన్ 2016లో ఇంప్లాంట్ల రిజిస్ట్రీ తెరిచి, ఎవరి ఒంట్లో ఏ నంబరుందో రాసుకోవడం మొదలుపెట్టింది.

చివరిగా, పేరు సరిగా కుదరని బాధ ఒకటుంది. విపరీతమైన నీరసం, కీళ్ళ నొప్పులు, జుట్టు ఊడటం, మతిమరుపు. దీన్ని బ్రెస్ట్ ఇంప్లాంట్ ఇల్‌నెస్ అంటున్నారు. తేల్చి చెప్పే పరీక్ష లేదు. తీయించుకున్నాక తేలికపడ్డామని చెప్పేవాళ్ళు చాలామంది. మన డెల్టాలో ఈ లక్షణాలు చెబితే థైరాయిడ్ అంటారు, లేదా చికున్‌గన్యా వదిలిపోయిన నొప్పులంటారు. అదే నిజం కూడా కావచ్చు. కానీ ఇంప్లాంట్ సంగతి దాచిపెడితే డాక్టరు చీకట్లో రాయి విసిరినట్టే.

జెల్ ఇంప్లాంట్ చిరిగినా చాలాసార్లు తెలియదు. జెల్ బదులు ఉప్పునీరు నింపిన ఇంప్లాంటైతే గాలి పోయిన బుడగలా సొట్టపడి చెప్పేస్తుంది. జెల్ చిక్కగా ఉండి అక్కడే నిలిచిపోతుంది. అందుకే ఐదారేళ్ళకు మొదటిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్ళకోసారి అల్ట్రాసౌండో ఎంఆర్ఐనో చేయించుకోమని ఎఫ్‌డీఏ సూచన. మామోగ్రామ్‌లో ఇంప్లాంట్ కొంత కణజాలాన్ని కప్పేస్తుంది కాబట్టి, టెక్నీషియన్‌కు ముందే చెబితే దాన్ని వెనక్కి నెట్టి అదనపు ఫొటోలు తీస్తారు. చనుమొనల స్పర్శ మారొచ్చు, పాలివ్వడంలో ఇబ్బంది రావొచ్చు.

2021 అక్టోబరులో ఎఫ్‌డీఏ ఇంప్లాంట్ల లేబులింగ్‌లో నల్లగీతల పెట్టెలో రాసే హెచ్చరికను తప్పనిసరి చేసింది. ఇవి జీవితాంతం ఉండేవి కావు అన్నది అందులో మొదటి మాట. అందం కోసం పెట్టించుకున్నవాళ్ళలో 20 శాతం మంది వరకు 8 నుంచి 10 ఏళ్ళలో తీయించుకోవలసి వస్తుందని ఆ సంస్థే చెప్పింది. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, మొదటి ఆపరేషన్ ఈఎంఐ తీరగానే ఖర్చు తీరదు. మన ఆరోగ్య బీమా పాలసీల్లో కాస్మెటిక్ సర్జరీ ప్రామాణిక మినహాయింపుల్లో ఉంది.

పరికరాల వల్ల జరిగిన హానిని నమోదు చేయడానికి మన దేశంలో 2015 జూలైలో మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్ మొదలైంది. డాక్టరే కాదు, పేషెంటు కూడా ఫిర్యాదు పంపొచ్చు. దానికీ లాట్ నంబరు కావాలి.

కార్డు పోయిందనుకుందాం. ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో కేస్‌షీట్ మీది స్టిక్కరు ఉండాలి కదా? వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు దాచవలసింది చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్ళు. ఆ లింఫోమా ఎక్కువగా బయటపడేది ఎనిమిది పదేళ్ళకు. మూడేళ్ళ లోపు రాతపూర్వకంగా అడిగితే మాత్రం 72 గంటల్లో కాపీ ఇవ్వాలని అదే నియమావళిలో ఉంది. బీరువాలో పెట్టడానికి వీల్లేకపోతే ఫోన్లో ఫొటో తీసి, స్కానింగ్‌కి తోడు వచ్చే మనిషికి ఒకటి పంపించుకోవచ్చు.