పిండకణాల పట్టు సడలించే మద్యం

కణాలను చంపగలిగేంత గాఢంగా మద్యం రక్తంలో చేరితే ముందు తల్లి ప్రాణానికే ముప్పు కదా, మరి ఆమె క్షేమంగా తిరుగుతుండగా గర్భంలోని పిండం మాత్రం ఎలా దెబ్బతింటుందని ఒక పాఠకురాలు అడిగారు. ఇది ఎంతో పదునైన ప్రశ్న. పెద్దవారి శరీరంలో చాలా భాగం కణాలు తమ చోటికి ఎప్పుడో చేరుకుని స్థిరపడినవి కాగా, పిండంలోని కణాలు ఇంకా ప్రయాణంలో ఉంటాయి. ప్రయాణంలో ఉన్న కణాన్ని పాడుచేయడానికి దాన్ని చంపనక్కరలేదు, దాని పట్టు కాస్త సడలిస్తే చాలు.

ఫ్రాన్స్‌లో పాల్ లెమోయిన్ 1968లోనూ, అమెరికాలో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ 1973లోనూ గర్భస్థ దశలో మద్యం సోకిన పిల్లల లక్షణాలను వర్ణించారు. రెండు కనురెప్పల మధ్య చీలిక చిన్నదిగా ఉండడం, పలచని పై పెదవి, ముక్కుకూ పెదవికీ మధ్య ఉండవలసిన నిలువు గాడి చదునుగా మారిపోవడం వాటిలో ముఖ్యమైనవి. మద్యం దెబ్బ మెదడుకు తగిలితే ముఖం ఎందుకు మారాలి? ముఖంలోని ఎముకలూ మృదులాస్థీ చాలావరకు న్యూరల్ క్రెస్ట్ కణాల నుంచి పుడతాయి. తరువాత మెదడూ వెన్నుపామూ అయ్యే నాడీ నాళం మూసుకునే వేళకు దాని అంచుల్లో పుట్టి, ఇరుగుపొరుగు కణాలతో బంధం తెంచుకుని, ముఖం వైపూ గుండె వైపూ వలస వెళ్ళే కణాలివి. కోడి పిండాల్లో చూస్తే, మద్యం తగిలిన కొద్ది క్షణాల్లోనే ఈ కణాల లోపలి నిల్వల నుంచి క్యాల్షియం విడుదలై, ఒక ఎంజైమును మేల్కొలుపుతుంది. దాంతో కణం బతకడానికి అవసరమైన బీటా కాటెనిన్ ప్రోటీను తరిగిపోయి, కణం తనను తానే అంతం చేసుకుంటుంది. కాథ్లీన్ సూలిక్ బృందం 1981లో ఎలుక పిండాలపై చేసిన ప్రయోగంలో మద్యం ప్రభావానికి లోనైన దశ మనుషుల్లో సుమారు మూడో వారానికి సరిపోతుంది, అంటే గర్భం దాల్చిన సంగతి చాలామందికి ఇంకా తెలియని సమయం. ఏ వారంలో ఏ అవయవం ఏర్పడుతుందో వల్లె వేయించే మన పాఠాలు కణాలు నడుస్తాయన్న సంగతిని దాటవేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. అది తెలియకపోవడం వల్లనే బిడ్డ ముఖం చూసి తల్లి పూర్వజన్మ పాపాన్ని వెతికేవారు ఇంకా ఉన్నారు.

మెదడు పైపొర నిర్మాణం అంతకన్నా ఆశ్చర్యకరం. లోతున పుట్టిన నాడీకణం, తీగ గుంజను పట్టుకుని పైకి పాకినట్లు, రేడియల్ గ్లియా అనే పొడవాటి కణపు పోగును పట్టుకుని ఎక్కుతుంది. ముందు పుట్టినవి లోపలి పొరల్లో ఆగిపోతే, తరువాత పుట్టినవి వాటిని దాటుకుని పైకి వెళ్ళాలి. ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ వదలాలో కణానికి తెలియాలి. మద్యం ప్రభావం పడిన ఎలుకల్లో ఆలస్యంగా పుట్టిన నాడీకణాలు చేరవలసిన పొరను చేరక వేరే పొరల్లో కనిపించాయి. గర్భంలో మద్యం సోకడం వల్ల వచ్చిన రుగ్మతతో మరణించిన కొందరు శిశువుల మెదళ్ళలో నాడీకణాలు ఆగవలసిన చోట ఆగక, మెదడు ఉపరితలాన్నే దాటి దాన్ని కప్పి ఉంచే పొరల్లోకి పొర్లిపోయాయి.

ఈ పట్టుకు సాయపడే ప్రోటీన్లలో ఎల్1 ఒకటి. దాని కథే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకుంది. ఎల్1 కణపు పొర నుంచి బయటికి పొడుచుకు వచ్చి, పక్క కణంలోని మరో ఎల్1ను పట్టుకుంటుంది. నాడీకణాల వలసకూ, వాటి పొడవాటి తంతువులు ఒకదాని వెంట ఒకటి పెరగడానికీ ఇది అవసరం. మైకేల్ చార్నెస్ బృందం 1996లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 5 నుంచి 10 మిల్లీమోలార్ల మద్యం, అంటే ఒకటి రెండు పానీయాలతో రక్తంలో చేరేంత మోతాదు, ఈ అతుకును దెబ్బతీయగలదు. ఎల్1 బయటి భాగం ముడుచుకుని మొదటి ఖండం నాలుగో ఖండాన్ని తాకుతూ ఉంటుంది, ఆ రెంటి మధ్యనున్న చిన్న సందులో మద్యం అణువు చేరి కూర్చుంటుంది. ఎల్1 జన్యువులోనే లోపం ఉన్న పిల్లల్లో మెదడు రెండు అర్ధగోళాలనూ కలిపే తంతువుల కట్ట సరిగా ఏర్పడకపోవచ్చు. మద్యానికి గురైన పిల్లల్లో కొందరిలోనూ అదే లోపం కనిపిస్తుంది.

ఆ సందు ఎంత చిన్నదో ఇతర ఆల్కహాళ్ళతో తెలుసుకున్నారు. ఒక కార్బన్ ఉన్న మిథనాల్ నుంచి నాలుగు కార్బన్ల బ్యూటనాల్ వరకు కార్బన్ గొలుసు పొడవు పెరిగేకొద్దీ అతుకును అడ్డుకునే శక్తి పెరిగింది, అయిదు కార్బన్ల పెంటనాల్‌తో హఠాత్తుగా పోయింది. మద్యం కణపు పొరలోని కొవ్వును ఊరికే పలచబరుస్తుందన్న పాత ఊహ నిజమైతే గొలుసు పొడవయ్యేకొద్దీ ప్రభావం పెరుగుతూనే ఉండాలి. ఇంకా విశేషం, ఎనిమిది కార్బన్ల ఆక్టనాల్ తాను హాని చేయకపోగా మద్యాన్నే అడ్డుకుంది. మైక్రోమోలార్ స్థాయిలో, అంటే అతి స్వల్పంగా ఉన్న ఆక్టనాల్ సమక్షంలో, ప్రయోగశాలలో పెంచిన ఎలుక పిండాల్లో మద్యం వల్ల కలిగే కణమరణమూ ఎదుగుదల లోపమూ తగ్గాయి. అయితే ఆక్టనాల్ గాఢత బాగా పెరిగితే కణాల మధ్య సంకేతాలు సాగే గ్యాప్ జంక్షన్లను మూసివేస్తుంది కనుక అది మందుగా పనికిరాదు. పైగా మద్యం క్యాల్షియం మార్గాన్నీ, పిండం ఎదుగుదలకు అవసరమైన రెటినోయిక్ ఆమ్లం విటమిన్ ఏ నుంచి తయారయ్యే మార్గాన్నీ కూడా చెడగొడుతుంది. కాబట్టి ఎల్1లోని సందును మూసే మంచి అణువు దొరికినా, ఆ రెండు దారుల్లో జరిగే నష్టానికి వేరే అడ్డు వెతుక్కోవలసిందే.