రిపోర్టు బెంగళూరులో, కేసు కదిరిలో

1994లో సూరత్‌లో ప్లేగు ప్రబలినప్పుడు జనం ఊరు వదిలి పారిపోయారు. ఎక్కడ ఎన్ని కేసులో తేల్చి చెప్పే యంత్రాంగం మనకెంత బలహీనంగా ఉందో అప్పుడు బయటపడింది. ఆ తర్వాత మొదలైన ప్రయత్నాలే 2004 నవంబరులో ఐడీఎస్‌పీ, అంటే వ్యాధులపై దేశవ్యాప్త నిఘా కార్యక్రమం రూపం తీసుకున్నాయి. ఆరోగ్య కార్యకర్తకు ఎస్ ఫారం, డాక్టరుకు పి ఫారం, ల్యాబుకు ఎల్ ఫారం. సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్కగట్టి వారానికోసారి పైకి పంపేవారు. డెంగీ విషయంలో ఆ వారమే కొంప ముంచేది. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. లెక్క పైకి చేరేసరికి కొత్త దోమలు సిద్ధం.

కేసు కేసుగా, ఎప్పటికప్పుడు ఎక్కించే ఆన్‌లైన్ పోర్టల్ ఐహెచ్‌ఐపీ 2018 నవంబరులో ఏడు రాష్ట్రాల్లో మొదలైంది. వాటిలో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో దేశమంతా వచ్చింది. నిఘా పెట్టే 18 వ్యాధుల జాబితా 33 అయింది. వేగం పెరిగింది, చిరునామా మాత్రం బాగుపడలేదు.

2020 జులైలో బెంగళూరులో కోవిడ్ పాజిటివ్ వచ్చినవారిలో 3,000 మందికి పైగా ఆచూకీ దొరకలేదు. శాంపిల్ ఇచ్చేటప్పుడు రాయించిన ఫోన్ నంబర్లు, చిరునామాలు తప్పు కావడమే ప్రధాన కారణం.

డెంగీలో తప్పు చెప్పకపోయినా తప్పు జరుగుతుంది. బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉండే కదిరి కుర్రాడు జ్వరంతో ల్యాబుకెళ్తే, కౌంటరులో ఆధార్ చూసి చిరునామా కొడతారు. పోర్టల్‌కు పోయేదీ అదే. కుట్టిన దోమ మారతహళ్లిలో, కేసు శ్రీసత్యసాయి జిల్లా ఖాతాలో. ఏడిస్ పుట్టిన చోటు నుంచి పెద్దగా దూరం పోదు కాబట్టి లార్వా వెతకాల్సింది ఆ పీజీ చుట్టుపక్కలే. కేసు అక్కడ నమోదు కాలేదు కనుక ఆ మిద్దె మీద మూతలేని డ్రమ్ము జోలికి ఎవరూ రారు.

2024లో కర్ణాటక డెంగీని అంటువ్యాధుల నిబంధనల కిందికి తెచ్చింది. ఎలీసా అనే ల్యాబు పరీక్షతో తేలిన ఎన్‌ఎస్1 (వైరస్ ప్రోటీన్), ఐజీఎం (వైరస్‌పై ఒంట్లో పుట్టే యాంటీబాడీ) మాత్రమే నిర్ధారిత కేసు. నిమిషాల్లో ఫలితం చెప్పే ర్యాపిడ్ కార్డు పాజిటివ్ ఆ లెక్కలోకి రాదు. మూడో రోజు ఒక ల్యాబులో ఎన్‌ఎస్1, ఏడో రోజు మరో ల్యాబులో ఐజీఎం చేయించి వేర్వేరు ఫోన్ నంబర్లు ఇస్తే ఒక్క మనిషే రెండు కేసులవుతాడు. కలెక్షన్ సెంటర్ తన సొంత నంబరే అందరికీ కొడితే అసలు మనిషికి ఫోన్ చేసే దారే ఉండదు.

కౌంటరులో రెండు మాటలు అడగాలి: ఈ రెండు వారాలు ఎక్కడ ఉంటున్నారు, పగలు ఎక్కడ పనిచేస్తున్నారు? ఏడిస్ ఎక్కువగా పగలే కుడుతుంది, అందుకే ఆఫీసు చిరునామా ఇంటిదంత ముఖ్యం. ఆధార్ చిరునామాకు వేరే గడి పెట్టి, ప్రస్తుత నివాసం పిన్‌కోడ్‌తో సహా నింపనిదే బార్‌కోడ్ స్టిక్కరు ప్రింటు కాకుండా ల్యాబు సాఫ్ట్‌వేర్‌లో కట్టడి చేయొచ్చు. ఆ మార్పు వచ్చేదాకా, ల్యాబువాళ్లు అడక్కపోయినా మన పిల్లలే పీజీ పేరు, వీధి, క్రాస్ (అడ్డవీధి) నంబరు చెప్పి రాయించుకోవాలి.