జీవో 3: ఓడిన దారిలోనే రెండోసారి

డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ల నియామకం, అన్న మాట వినపడితే చాలు, ఆంధ్రలోని పాడేరు నుంచి తెలంగాణలోని ఉట్నూరు దాకా జీవో నంబరు 3 గొడవ మళ్ళీ లేస్తుంది. ఏజెన్సీ, అంటే ఆదివాసీ ప్రాంతాల, బళ్ళలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన ఉత్తర్వు అది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించినప్పుడు ఆదివాసీ సంఘాలు బంద్‌కు దిగాయి. ఏజెన్సీ పోస్టులను అందులోంచి తీసేయాలని, వాటిని స్థానిక ఆదివాసీలతోనే విడిగా భర్తీ చేయాలని వాళ్ళ డిమాండ్. ఇప్పుడు వినపడుతున్నదీ అదే. ఆదివాసీ ప్రాంతాల పాలనకు రాజ్యాంగంలో ఉన్న ఐదో షెడ్యూలు, అక్కడి భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఈ గొడవకు నేపథ్యం. టీవీ చర్చలు మాత్రం ప్రతిసారీ 2020 ఏప్రిల్ 22న, సుప్రీంకోర్టు జీవో కొట్టేసిన రోజు దగ్గర మొదలవుతాయి. ఆ రోజు పడింది శిక్ష. తప్పు జరిగింది 1998కీ 2000కీ మధ్య, హైదరాబాద్ సచివాలయంలో.

మొదటి ఉత్తర్వు 1986 నవంబరు 5 నాటి జీవో 275. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి. ఏజెన్సీ బళ్ళలో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే అన్నారు. అర్హులైన స్థానిక గిరిజనులు దొరికేదాకా గిరిజనేతరులు ఉండవచ్చని మరుసటి ఏడాది ఒక సవరణ చేశారు. ఎందుకిలా అంటే కోర్టుల్లో ప్రభుత్వం చెప్పిన జవాబు సూటిగానే ఉంది: టీచర్లు బడికి రావడం లేదు. మైదానం నుంచి పోస్టింగ్ మీద వచ్చినవాళ్ళు కింద పట్నంలో కాపురం పెట్టుకుని, కుదిరిన రోజు కొండెక్కి, బదిలీల కౌన్సెలింగ్ కోసం ఎదురుచూసేవాళ్ళు. అందరూ పని దొంగలేం కాదు. రోడ్డు లేని ఊళ్ళో అద్దెకు ఇల్లుండదు, జ్వరమొస్తే డోలీ తప్ప దిక్కుండదు. కానీ ఒకే టీచరున్న బళ్ళో ఆ ఒక్కరూ రాకపోతే ఆ రోజు బడే లేనట్టు. భాష సంగతి సరేసరి. ఇంట్లో కువి, సవర, కోయ మాట్లాడే ఒకటో తరగతి పిల్లకి పుస్తకమూ తెలుగే, టీచరూ తెలుగే. అదే భాష మాట్లాడే పక్క గూడెం అమ్మాయి టీచరైతే ఈ రెండు చిక్కుల్లో సగం అక్కడే తీరతాయి. ఇందులో ఉదారత ఏమీ లేదు, పాలనకు అవసరమైన లెక్క.

1989లో అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ జీవో 275ను కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అప్పీలు అక్కడ ఉండగానే 1992లో ఇందిరా సాహ్నీ తీర్పు వచ్చి రిజర్వేషన్లకు 50 శాతం గీత గీసింది. 1998లో ప్రభుత్వం ఆ అప్పీలును తానే వెనక్కి తీసుకుంది.

అసలు మలుపు ఇదే. చేతిలో అప్పుడు టైముంది, వెతికితే దారులూ ఉన్నాయి. ఉద్యోగాల్లో స్థానికుల వాటా గురించిన 371-డి అధికరణం కింద రాష్ట్రపతి ఉత్తర్వులను సవరింపజేసి ఏజెన్సీని విడి స్థానిక కేడర్‌గా చేయమని కేంద్రాన్ని అడగవచ్చు. గీత దాటకుండా ఏజెన్సీ పోస్టుల్లో గిరిజన కోటాను గట్టిగా పెంచవచ్చు. ఏజెన్సీకి వచ్చే టీచరుకు స్థానిక భాష రావాలని నియమం పెట్టవచ్చు. వీటిలో ఏదీ చేయలేదు. 2000 జనవరి 10న జీవో 3 ఇచ్చారు. చట్టాలను ఏజెన్సీకి మార్చి వర్తింపజేసే అధికారం గవర్నర్‌కు ఇచ్చే, ఐదో షెడ్యూలులోని అదే 5(1) పేరా కింద, అదే నూరు శాతం, పైగా 1986 నుంచే వర్తించేలా. ఓడిపోయిన వాదననే తేదీ మార్చి మళ్ళీ దాఖలు చేసినట్టు. కొత్తగా చేర్చినవి, పోస్టుల్లో మూడో వంతు మహిళలకు, 1950 జనవరి 26 నుంచి అక్కడే నివాసం అన్న షరతు. 2001లో హైకోర్టులో మెజారిటీ తీర్పు అనుకూలంగా రావడంతో అందరూ నిశ్చింతగా ఉండిపోయారు. జీవో మీద నడిచిన నియామకాలతో కొండమీది బళ్ళకు ఆ ఊళ్ళ పిల్లలే టీచర్లుగా వెళ్ళారు. ఆ ఫలితం నిజం. దాని పునాది మాత్రం ఒక నోటిఫికేషన్ కాగితం.

గిరిజనేతరుల వాదన: తరాలుగా ఏజెన్సీలోనే ఉంటున్న దళిత, బీసీ కుటుంబాలకు ఒక్క పోస్టూ లేకపోవడం అన్యాయం. 1950 షరతు వల్ల కొందరు గిరిజనులూ నష్టపోయారన్నదీ నిజమే.

జస్టిస్ అరుణ్ మిశ్రా నేతృత్వంలోని ఐదుగురి ధర్మాసనం, చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో, గవర్నర్ అధికారం ప్రాథమిక హక్కుల్ని దాటదని చెప్పింది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనడాన్ని ఏవగించుకుంది. బడికి రాని టీచరును ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. 1986లో చేసిన తప్పునే 2000లో మళ్ళీ చేశారంటూ ఏపీ, తెలంగాణ రెండు రాష్ట్రాలకూ కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు వేసింది.

తీర్పు తర్వాత ఏపీలో గిరిజన వాటా రాష్ట్రమంతటా ఉన్న 6 శాతానికి పడింది. తెలంగాణ 2022లో 10 శాతం చేసింది. అదీ రాష్ట్రం మొత్తానికి కలిపి, ఏజెన్సీకి విడిగా కాదు. మెగా డీఎస్సీ ఉమ్మడి జిల్లాల లెక్కనే జరిగింది కనుక విశాఖ నగరంలో చదివినవారూ పాడేరుకు స్థానికులే. వాళ్ళకు పోస్టు వస్తుంది, కొన్నాళ్ళకు బదిలీ దరఖాస్తూ వస్తుంది. ఆశ్రమ పాఠశాలల్లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న సీఆర్టీలకు (కాంట్రాక్ట్ రెసిడెన్షియల్ టీచర్లకు), రెగ్యులర్ టీచరు రాగానే తమ సీటు పోతుందన్న టెన్షన్. పిల్లల భాష వచ్చిన మాతృభాషా వలంటీర్లకు దక్కేది కొద్దిపాటి గౌరవ వేతనం, ఏటా రెన్యువల్ కోసం ధర్నా.

జీవో 3ను పునరుద్ధరిస్తామని 2024 ఎన్నికల ముందు తెలుగుదేశం చెప్పింది. 1986, 1998, 2000 మూడింటిలోనూ అధికారంలో ఉన్నది ఆ పార్టీయే. 2020 తర్వాతి నాలుగేళ్ళలో వైఎస్సార్‌సీపీ కూడా జీవో స్థానంలో నిలబడే చట్టమేదీ తేలేదు. ఇక ఆ హామీలో ఎవరూ పైకి చదవని చిక్కొకటి ఉంది. పాత నియామకాలను కోర్టు షరతు మీద కాపాడింది: ఇలాంటి ప్రయత్నం మళ్ళీ చేసి పరిమితి దాటితే 1986 నుంచి జరిగిన నియామకాలకు రక్షణ ఉండదు. సంఘాల్లో కొన్ని రాజ్యాంగ సవరణే కావాలని పట్టుబట్టడానికి కారణం ఇదే. జార్ఖండ్‌లో షెడ్యూల్డ్ జిల్లాల టీచరు పోస్టుల్లో స్థానికులకిచ్చిన నూరు శాతం కోటా కూడా 2022లో సుప్రీంకోర్టులో నిలవలేదు. అందువల్ల సర్కారు కొత్త కాగితం ఏది తెచ్చినా, అది ఏ అధికరణం కింద వస్తోందో ముందుగా అడగాల్సింది జీవో 3తో ఉద్యోగం పొంది ఇవాళ కొండమీద పాఠం చెబుతున్న టీచర్లే.