నాలుగింటి కరెంటు ఎవరు కొంటారు?

విడవలూరు, ఇందుకూరుపేట తీరాన రొయ్యల గుంటల దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి వినపడేది నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్ల చప్పుడే. నీళ్లలో ఆక్సిజన్, రైతు మాటలో డీఓ, బాగా పడిపోయే వేళ అది. కరెంటు పోయిందా, జనరేటర్ దగ్గరికి పరుగే. ఇక పడమరన కనిగిరి వైపు బోరు రైతుకు కావలసింది పగటి కరెంటు. సోలార్ ఇతనికి చక్కగా సరిపోతుంది, గుంట రైతుకు అక్కరకు రాదు. ఇన్నేళ్లుగా కరెంటు కొని పంచే డిస్కంల ఒప్పందాలపై యూనిట్ ధర కోసం కొట్టుకున్నారే గానీ, ఏ గంటకు వచ్చే కరెంటు అన్నది పెద్దగా ఎవరికీ పట్టలేదు.

మొదట్లో ధర పెట్టింది ప్రభుత్వాలే. 1994-95ను మొదలుగా తీసుకుని యూనిట్‌కు 2.25 రూపాయలు, ఏటా 5 శాతం పెంపు అని కేంద్రం సూచించింది. ఊక, తుమ్మ కట్టెలు కాల్చే బయోమాస్ ప్లాంట్లు ఆ భరోసాతోనే వచ్చాయి. 2004లో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్, అంటే ఈఆర్‌సీ, ఆ ధరలను సవరించేసరికి ఉత్పత్తిదారులు కోర్టుకెక్కారు. ధర తేల్చే అధికారం కమిషన్‌కు ఉందని, అయితే అభ్యంతరాలు మళ్లీ వినాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2010 వచ్చింది.

ఈలోగా 2003 విద్యుత్ చట్టం రెండు దారులు చూపింది: కమిషన్ ధర కట్టడం, లేదంటే వేలం పెట్టడం. డిస్కంలు కొనే కరెంటులో ఇంత వాటా పునరుత్పాదకం ఉండాలన్న నియమమూ దాంతోనే వచ్చింది. మన రాష్ట్రం గాలి కరెంటుకు కమిషన్ ధరే కట్టింది. 2015 తర్వాత అది 4.80 దాటింది, అదీ పాతికేళ్లకు. 2017లో రాజస్థాన్ భడ్లా వేలంలో సోలార్ 2.44కి దిగింది. ఆషాఢం సేల్‌కు ముందురోజు పట్టుచీర కొన్నట్టయింది డిస్కంల పని.

2019 జులైలో ప్రభుత్వం పాత ఒప్పందాల సమీక్షకు జీవో 63తో కమిటీ వేసింది. గాలికి 2.43, సోలార్‌కు 2.44 చొప్పున బిల్లులు పంపాలని డిస్కం లేఖలు రాసింది. కేసు హైకోర్టుకెళ్లింది. 2022 మార్చిలో ఒప్పందం ధరే కట్టాలని, బకాయిలు తీర్చాలని తీర్పొచ్చింది. నన్నడిగితే, సంతకం పెట్టిన రోజున అది అన్యాయపు ధరేం కాదు. ధరలు పడుతున్నాయని తెలిసీ అంతంత ఎక్కువ కొనడమే తొందరపాటు.

గాలి, సోలార్ కొంటే థర్మల్‌కు కట్టేది వృథా అవుతుందన్న డిస్కంల వాదనలోనూ నిజముంది. ముత్తుకూరు మండలం నేలటూరులో మన థర్మల్ కేంద్రం ఉంది, మూడు యూనిట్లు, 2,400 మెగావాట్లు. గాలి, ఎండ బాగున్నప్పుడు ఇలాంటి చోట ఉత్పత్తి తగ్గిస్తారు. కానీ బొగ్గు మండినా మండకపోయినా స్థిర ఛార్జీ కట్టాల్సిందే. అదే సమయంలో బొగ్గు ధర పెరిగితే ఆ భారమూ మనదే. 2023 ఏప్రిల్ నుంచి బిల్లులో యూనిట్‌కు 40 పైసల ఎఫ్‌పీపీసీఏ అని పడిందే, అది ఇంధనం, కొనుగోలు ఖర్చుల సర్దుబాటే. ఎండకు ఇంధన బిల్లు ఉండదు, పాతికేళ్ల ధర ఇవాళే తెలుస్తుంది. బూడిద లేకపోవడం సరేసరి, డిస్కం లెక్కల మనిషికి అసలు లాభం ఇదే.

2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకీతో 7,000 మెగావాట్లకు 2.49 చొప్పున ఒప్పందమైంది, కరెంటు రాజస్థాన్ నుంచి. దాని చుట్టూ నడిచిన రగడ వేరే కథ. సాగుకు పగలు తొమ్మిది గంటల సరఫరా కోసమన్నారు కాబట్టి గంటల లెక్క మాత్రం కుదిరింది. కనిగిరి బోరు గట్టెక్కినట్టే.

గుంట రైతు సంగతి? 2020లో సెకీ నిల్వతో కూడిన కరెంటుకు వేలం పెట్టింది. మామూలు వేళ యూనిట్ 2.88 అని ముందే ఖరారు చేసింది. వాడకం ఎక్కువుండే పీక్ గంటలకు వచ్చిన ధరలు 6.12, 6.85. ఎండ అదే, గంట మారితే రెట్టింపు పైనే! గుంట మీటరుకు ఈ తేడా తెలియదు. 2019లో ఆక్వాకు సబ్సిడీతో 1.50 పెట్టినప్పుడు మిట్టమధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ ఒకటే రేటు పెట్టారు.